డ్రాఫ్టులో మిగిలినవాళ్ళు

మా ఆయన, ఆయన స్నేహితులిద్దరు కలిసి ఏటా వేసవిలో ఒక పని పెట్టుకునేవారు. దానికి జీతం లేదు, ఎవరూ చెయ్యమనలేదు, చెయ్యకపోతే ఎవరికీ నష్టం లేదు. అయినా ఆఫీసు పనికంటే శ్రద్ధగా చేసేవారు. మా ఊరి ఫుట్‌బాల్ జట్టులోకి కొత్తగా వచ్చిన అనామకుల్లో ఎవడు నిలుస్తాడో, ఎవడు ఇంటిదారి పడతాడో మా బేస్‌మెంట్‌లో కూర్చుని తేల్చేవారు.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మేం అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో ఆడేది కాదని పెళ్ళయి వచ్చిన మొదటి నెలలోనే నాకు తెలిసిపోయింది. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడు, మిగిలినవాళ్ళందరూ వాడిమీద పడతారు. ఏటా వసంతంలో జట్లన్నీ వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్టు అంటారు. అన్ని జట్లూ అన్ని వంతులూ ఏరుకున్నాక కూడా మిగిలిపోయినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో కొందరికి ఫోన్ చేసి, వచ్చి ప్రయత్నించు, పనికొస్తే ఉంచుకుంటాం అంటారు. అలా వచ్చినవాళ్ళు ఎండాకాలమంతా మైదానంలో ఒళ్ళు హూనం చేసుకుంటారు. వేసవి చివర జట్టువాళ్ళు ఒక జాబితా చదువుతారు. అందులో పేరుంటే సంచీ సర్దుకోవాలి. దాన్ని కట్ చెయ్యడం అంటారు.

డ్రాఫ్టులో వచ్చినవాళ్ళ గురించి మావాళ్ళు పెద్దగా మాట్లాడేవారు కాదు. వాళ్ళ సంగతి పేపర్లు రాస్తాయి. మావాళ్ళ ఆసక్తంతా మిగిలినవాళ్ళ మీదే. ఆఫీసునుంచి గ్రాఫు కాగితాలు తెచ్చి గళ్ళు గీసేవారు. పేరు, కాలేజీ, ఎత్తు, బరువు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరుగెత్తాడు, చివర రిమార్కులు. మా ఆయన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు. బయటినుంచి వచ్చిన సరుకు కొలతలు చూసి బాగుంటే ఆకుపచ్చ చీటీ, అనుమానముంటే పసుపు, పనికిరాకపోతే ఎరుపు కట్టించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో కూడా మూడు రంగుల పెన్సిళ్ళతో ఆటగాళ్ళకు అదే పని చేసేవాడు. మిగిలినవాళ్ళకు మొదట అందరికీ పసుపే.

స్నేహితుల్లో ఒకాయన గుంటూరువాడు. మాకంటే పదేళ్ళు పెద్ద. ఇంజన్లు పరీక్షించే విభాగంలో పని. ఏం చెప్పినా క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. రెండో అతను వరంగల్ కుర్రవాడు, పెళ్ళి కాలేదు. చిప్స్ పొట్లం ఒకటి పట్టుకుని వచ్చి నా వంట మొత్తం తినేసి వెళ్ళేవాడు. అయినా మనసున్న మనిషి, అందుకని ఏమీ అనేదాన్ని కాదు.

కాగితం ముందు పెట్టుకోగానే గుంటూరాయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏ కాలేజీ?"

ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాణ్ణి కలిసిన అయిదు నిమిషాల్లో అడిగే ప్రశ్న అది. కాలేజీ పేరు విని ఆయన పెదవి విరిచేవాడు, లేదా తల ఊపేవాడు. వాళ్ళ దృష్టిలో డ్రాఫ్టంటే ఎంట్రన్సు పరీక్ష లాంటిది. మొదటి వంతులో వచ్చినవాడు స్టేట్ ఫస్టు. చివరి వంతులో వచ్చినవాడు ఎలాగో సీటు తెచ్చుకున్నవాడు.

"వీళ్ళందరూ సీటు రాని బాపతు," అనేవాడు గుంటూరాయన. "ఎక్కడో లోపం లేకపోతే సీటెందుకు రాదు? మనం చెయ్యాల్సిందల్లా ఆ లోపం ఏంటో పట్టుకోవడం."

ఆయన తప్పుగా ఏమీ అనలేదు. కానీ పైన మెట్ల దగ్గర పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నాకు ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే సీటు రాని బాపతులో నేను కూడా ఉన్నాను.

నేను డాక్టర్ని. ఎం.బి.బి.ఎస్. చదివాను, అనాటమీలో గోల్డ్ మెడల్ వచ్చింది. బయటి దేశాల డాక్టర్లకు పెట్టే పరీక్ష ఇక్కడికి వచ్చిన ఏడాదికే పాసయ్యాను. కానీ ఈ దేశంలో డాక్టరుగా పని చెయ్యాలంటే ముందు ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ పూర్తి చెయ్యాలి. దానికోసం డాక్టర్లూ ఆసుపత్రులూ ఒకరినొకరు వరస పెట్టి రాసుకుంటారు. మార్చి నెలలో ఎవరికి ఎక్కడో తేలుతుంది. దాన్ని మ్యాచ్ అంటారు. రెండేళ్ళు వరసగా నా పేరు ఎక్కడా తేలలేదు. రెండోసారి ఆ ఉత్తరం వచ్చినరోజు నేను ఏడవలేదు. వంటింటి అల్మారాలన్నీ ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ సర్దాను. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా గిన్నెలు అందించాడు.

ఆ ఏడాది జూలైలో డెట్రాయిట్‌లో ఒక చిన్న ఆసుపత్రినుంచి కబురొచ్చింది. అక్కడ ఒక రెసిడెంటు మధ్యలో మానేశాడు. సెప్టెంబరు నుంచి ఒక స్థానం ఖాళీ. ఇద్దరు డాక్టర్లను ఆరు వారాలపాటు జీతం లేకుండా వార్డులో ఉండమంటారు. ఆగస్టు చివర ఇద్దరిలో ఒకరికి ఆ స్థానం. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆయన దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాను. రాకపోతే, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ అందరికీ జవాబు చెప్పుకోవాలి. ఆసుపత్రిలో వాలంటీరు పని చేస్తున్నానని అందరితో అన్నాను. మంచిపనే చెల్లెమ్మా, ఇంట్లో ఊరికే కూర్చునేకంటే నయం కదా అన్నాడు గుంటూరాయన. పైకి వచ్చేసి, పకోడీలు ఇంకో వాయి వెయ్యలేదు.

మొదటిరోజు నా సర్టిఫికెట్ల ఫైలు పట్టుకెళ్ళాను. పదో తరగతి మార్కుల పట్టీ నుంచి గోల్డ్ మెడల్ ఫొటో దాకా, ప్రతి కాగితం మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం, రబ్బరు స్టాంపు. ముందురోజు సాయంత్రమంతా కూర్చుని మా ఆయనే వరసలో పెట్టాడు, అంచులకు రంగు కాగితాలు అంటించాడు. రెసిడెంట్లను చూసుకునే ప్రోగ్రాం డైరెక్టరు ఆ ఫైలును చేత్తో బరువు చూసి, థాంక్యూ అని కిటికీ గట్టుమీద పెట్టాడు. ఆ ఆరు వారాలూ అది అక్కడే ఉంది. కొన్నాళ్ళకు దానిమీద ఆయన కాఫీ కప్పు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను రోజూ ఆ కప్పు చూసేదాన్ని.

రెండో డాక్టరు ఫిలిప్పీన్స్ అమ్మాయి. నా వయసే. ఇద్దరు పిల్లల్ని వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. మొదటిరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, నీకు క్లాసులో ఎన్నో ర్యాంకు అని. ఆమె ఫోర్కు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ర్యాంకా? మా క్లాసులో అందరం పాసయ్యాం," అంది నవ్వుతూ.

నేను నవ్వలేదు. ర్యాంకు చెప్పుకోలేనివాళ్ళే అలా మాట్లాడతారు అనుకున్నాను. నా మనసులో ఆమెకు పసుపు చీటీ కట్టేసి, నిశ్చింతగా అన్నం తిన్నాను. బేస్‌మెంట్‌లో ముగ్గురు మగవాళ్ళు చేసే పనే నేనూ చేశాను, కాకపోతే వాళ్ళకు గ్రాఫు కాగితం ఉంది.

జట్టు శిక్షణ మా ఇంటికి అరగంట దూరంలో ఒక కాలేజీ మైదానంలో జరిగేది. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. శనివారాలు మావాళ్ళు చెక్క బెంచీలమీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, మార్కులు వేసేవారు. ఆ ఏడాది నేనూ వెళ్ళాను. వారమంతా ఆసుపత్రిలో బిగుసుకుని ఉండేదాన్ని, శనివారం ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండేది. పులిహోర, థర్మాస్ ఫ్లాస్కులో మజ్జిగ పట్టుకెళ్ళేదాన్ని. వెనక బెంచీ అమెరికన్లకు కూడా పులిహోర అలవాటైంది.

మావాళ్ళ ఆచారం ఏమిటంటే మిగిలినవాళ్ళలో తలా ఒకణ్ణి దత్తు తీసుకుంటారు. చివరిదాకా ఎవడు నిలిస్తే వాణ్ణి తీసుకున్నవాడికి మిగతావాళ్ళు స్వయంగా వండి పెట్టాలి. ఆ ఏడాది జట్టు పిలిచిన మిగిలినవాళ్ళు నలుగురు. ముగ్గురు పెద్ద కాలేజీలవాళ్ళు, ఎత్తుగా బలంగా ఉన్నారు. వాళ్ళను మగవాళ్ళు పంచుకున్నారు. నాలుగోవాడు ఎక్కడో డకోటా వైపు ఎవరూ పేరు వినని కాలేజీనుంచి వచ్చాడు. విసిరిన బంతిని పట్టుకోవడం వాడి పని. వాళ్ళందరిలోకీ పొట్టి.

"ఈ పోరడు మీకే వదినా," అన్నాడు వరంగల్ అబ్బాయి. "మేం ఎవ్వలం తీస్కోలే."

"నాకెందుకూ మిగిలిపోయినవాడు?"

"మిగిలినోళ్ళల్ల గూడ మిగిలిండు పాపం. మీరన్న చూస్కోండ్రి."

సరే అన్నాను. మా ఆయన నాకు కూడా ఒక గ్రాఫు కాగితం ఇచ్చాడు. నేను వాడి పరుగు చూడలేదు, నాకు సెకన్లు తెలియవు. మనిషి ఎలా ఉంటాడో చూశాను. నాకు నచ్చలేదు. వాడి వంతు కానప్పుడు మిగతా ఆటగాళ్ళు హెల్మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే వీడు కోచ్ వెనకాలే తిరిగేవాడు. ఇంకెవరినో పిలిస్తే, ఆ మనిషి లేచేలోపల వీడు పరుగెత్తుకెళ్ళి ఆ చోట నిలబడేవాడు. కోచ్ కసిరేవాడు. కసిరించుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ పది నిమిషాలకు అదే పని. ఒకసారి తనకు సంబంధం లేని చోట నిలబడి బంతి వదిలేశాడు కూడా. చూస్తున్న నాకే సిగ్గేసింది.

వార్డులో మాత్రం నేను ఎలా ఉండాలో అలాగే ఉన్నాననుకున్నాను. ఉదయం ఆరున్నరకే వెళ్ళి రోగుల కాగితాలన్నీ చదివేదాన్ని. డైరెక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. మా ప్రొఫెసర్లు మాకు నేర్పింది అదే. పెద్దాయన అడిగితే చెప్పాలి, అడగకముందు నోరు తెరిచినవాణ్ణి బయట నిలబెట్టేవారు. ఈయన నన్ను మూడు నాలుగుసార్లు అడిగాడు, అన్నిసార్లూ సరిగ్గా చెప్పాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి అడక్కుండానే మాట్లాడేది. నేను చూశాను, జబ్బు ఎడమ ఊపిరితిత్తిలో అనుకుంటున్నాను అనేది. ఒక్కోసారి తప్పు. తప్పని ఆయన చెబితే ఓహో అని నవ్వి రాసుకునేది. ఎక్స్-రే ఫిల్ములు కావాలని ఆయన అనకముందే కింది అంతస్తుకు పరుగెత్తి తెచ్చి పెట్టేది. మందబుద్ధి అనుకోలేదుగానీ, పద్ధతి తెలియని పిల్ల అనుకున్నాను.

నాలుగో వారంలో ఒక సంగతి జరిగింది. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన ఒక ముసలాయన మా వార్డులో ఉన్నాడు, తుంటి ఆపరేషన్ అయింది. ఆ ఉదయం దుప్పటి సర్దుతుంటే ఆయన కుడి పిక్క ఎడమదానికంటే లావుగా కనిపించింది. పట్టుకుంటే వేడిగా ఉంది. రక్తం గడ్డకట్టిందేమోనని నాకు వెంటనే తట్టింది. రౌండ్స్‌లో డైరెక్టరు అడుగుతాడు, చెబుదాం అనుకుని వాక్యం కూడా ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నాను. ఆయన ఆ మంచం దగ్గర ఇంకో రెసిడెంటుతో ఆహారం గురించి మాట్లాడి పక్క మంచానికి కదిలాడు. నన్ను అడగలేదు. నా వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆ కాలు చూసింది. చూసిన మరుక్షణం నడవాలో పోతున్న డైరెక్టరు కోటు చెయ్యి పట్టుకుని ఆపింది. పరీక్ష చేశారు, గడ్డే. మందు మొదలుపెట్టారు, ముసలాయనకు ఏమీ కాలేదు. సాయంత్రం చేతులు కడుక్కునే చోట నేను ఉండబట్టలేక ఆమెతో అనేశాను, అది నేను పొద్దున్నే చూశానని.

"మరి చెప్పలేదేం?" అంది.

"నన్ను అడగలేదు కదా."

ఆమె నేనేదో హాస్యమాడాననుకుని నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వడం మానేసింది. కాగితపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఒకటి చింపి నాకూ ఇచ్చి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నా రోగిని, నా గడ్డను ఆమె ఎగరేసుకుపోయినట్టనిపించింది. ముసలాయన ఆరు గంటలు ఆ కాలితో ఉన్నాడన్న సంగతి ఆరోజు నా బుర్రకు ఎక్కనే లేదు. ఇన్నేళ్ళకు కూడా అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ శనివారం మైదానంలో అదే కోపంతో కూర్చున్నాను. నా పొట్టివాడు మళ్ళీ ఇంకెవరి వంతులోనో దూరాడు. రిమార్కుల గడిలో, అడక్కుండా ముందుకు దూరతాడు, వినయం తక్కువ, నిలవడు అని రాశాను. ఎర్ర పెన్సిల్ అడిగి మరీ గీత కొట్టాను.

"అప్పుడే రెడ్డా?" అన్నాడు మా ఆయన. "ఇంకా రెండు వారాలుంది కదా. పసుపులోనే ఉంచు, హోల్డ్‌లో పెట్టు."

"నావాడు నా ఇష్టం," అన్నాను.

జట్టు జాబితా చదివేది ఒక పనిరోజు మధ్యాహ్నం. మగవాళ్ళు ముగ్గురూ ఆఫీసులకు సగంరోజు సెలవు పెట్టారు. ఇంటికి చుట్టాలొస్తే సెలవు దొరకదనే మనుషులు, రేడియోలో నాలుగు పేర్లు వినడానికి సెలవు పెట్టారు. మా ఆయన కూడా అంతే. అదేరోజు పదకొండింటికి డైరెక్టరు నన్ను రమ్మన్నాడని ఆయనకు తెలుసు. నీది ఖాయంలే, గోల్డ్ మెడలిస్టువి అని పొద్దున నన్ను కారెక్కించాడు.

డైరెక్టరు నన్ను కూర్చోబెట్టి చుట్టూ తిప్పకుండా చెప్పాడు. స్థానం ఆమెకు ఇస్తున్నాం అన్నాడు. నేను తల ఊపాను. ఎందుకని అడగలేదు. నేను అడగనని ఆయనకు అప్పటికే తెలిసినట్టుంది, తనే చెప్పాడు.

"మీకు ఆమెకంటే ఎక్కువ తెలుసనుకుంటాను. అనుకుంటానని మాత్రమే అనగలను. ఎందుకంటే మీరు ఎప్పుడూ చెప్పలేదు. అర్ధరాత్రి వార్డులో ఒక్కరే ఉన్నప్పుడు మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

కప్పు పక్కకు తీసి ఫైలు నా చేతికిచ్చాడు. అట్టమీద గుండ్రంగా కాఫీ మరకలు, ఒకదానిమీద ఒకటి. బయటికొచ్చాను. ఆ అమ్మాయి నడవాలో ఎదురై నా చెయ్యి పట్టుకుంది. మంచి మాటేదో చెప్పబోయింది. నేను చెయ్యి విదిలించుకుని వచ్చేశాను. ఆమెకు క్షమాపణ చెప్పాల్సింది. ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి బేస్‌మెంట్‌నుంచి కేకలు. చెప్పులు విప్పకుండానే మెట్లు దిగాను. ముగ్గురూ రేడియో చుట్టూ నిలబడి ఉన్నారు.

"వదినా! మీ పొట్టోడు నిలిచిండు!" వరంగల్ అబ్బాయి గెంతుతున్నాడు. "మా ముగ్గురు వోయిండ్రు. మీవాడొక్కడే!"

"ఆశ్చర్యమేనమ్మా," అన్నాడు గుంటూరాయన. "వాడు నాలుగు చోట్ల ఆడగలడట. ఎవడికి దెబ్బ తగిలినా వీణ్ణి పెట్టచ్చని ఉంచుకున్నారట. కోచ్ రేడియోలో చెప్పాడు. చెల్లెమ్మ రెడ్ పెట్టిందే! మేము ముగ్గురం నీకు వండిపెట్టాలిప్పుడు."

మా ఆయన మాత్రం నా చేతిలో ఫైలు చూస్తున్నాడు.

నేను ఆఖరి మెట్టుమీద కూర్చుండిపోయాను. వాడు అడక్కుండా ఊరికే దూరలేదు. అన్ని చోట్లూ నేర్చుకున్నాడు. దాన్ని నేను వినయం తక్కువ అని నా చేత్తో రాశాను. ఏం చేస్తే నిలుస్తారో అది ఆరు శనివారాలు నా కళ్ళముందే జరిగింది. చూసి, మార్కులు తీసేశాను.

"నన్ను కూడా కట్ చేశారు," అన్నాను.

వాళ్ళకు అర్థం కాలేదు. మా ఆయన చెప్పాడు, ఆరు వారాల సంగతంతా. నేను అడ్డం చెప్పలేదు. వరంగల్ అబ్బాయి రేడియో ఆపేశాడు. గుంటూరాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సీటు రాని బాపతు అన్న మాట ఆయనకు గుర్తొచ్చిందో లేదో తెలియదు. నేను గుర్తుచెయ్యలేదు.

మొదట మాట్లాడింది వరంగల్ అబ్బాయే. ఓదార్పుగా కూడా కాదు, ఆట గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"వదినా, కట్ చేస్తే ఖతమైనట్టు గాదు. ఒక జట్టు తీసేసినోణ్ణి ఇంకో జట్టు తీస్కోవచ్చు. రేపటిదాంక టైముంటది. ఎవనికి మనుషులు తక్కువున్నరో ఆడు ముందు పిలుస్తడు."

"కరెక్టు," అన్నాడు గుంటూరాయన, కళ్ళజోడు పెట్టుకుని. "జూలైలో చేరాల్సినవాళ్ళలో ఎవడో వీసా రాక ఆగిపోయుంటాడు, ఎవడో మానేసుంటాడు. పెద్ద ఆసుపత్రులు వద్దు. ఊళ్ళకు దూరంగా ఉండేవి చూడండి. టైమెంతైంది? రెండున్నర. అయిదుదాకా ఆఫీసులుంటాయి."

రెండేళ్ళు దరఖాస్తులు పెట్టిన ఆసుపత్రుల జాబితా, ఫోన్ నంబర్లతో సహా, నా దగ్గరే ఉంది. మా ఆయన పైకెళ్ళి పట్టుకొచ్చాడు. ముగ్గురూ బల్లచుట్టూ కూర్చుని ఏ ఊరు, ఎన్ని మంచాలు, ఎక్కడ మనుషులు నిలవరు అని గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. ఆటగాళ్ళ కాగితాలు కిందపడితే ఎవరూ తియ్యలేదు. ఆ క్షణంలో ఆ ముగ్గురిమీదా నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మొదట గుంటూరాయన ఫోన్ చేశాడు. ఒక లేడీ డాక్టరు తరఫున మాట్లాడుతున్నాను, అనాటమీలో గోల్డ్ మెడల్, యూనివర్సిటీ ర్యాంకు అని పాఠం ఎత్తుకున్నాడు. కాగితాలు పోస్టులో పంపండి అన్నారు అవతల. రెండోది, మూడోది అంతే. తర్వాత మా ఆయన చేశాడు. ఫైలు తెరిచి ముందు పెట్టుకుని మార్కులు చదివాడు. పోస్టులో పంపమన్నారు. ఇంకో చోట మధ్యలోనే పెట్టేశారు. నాలుగున్నర కావచ్చింది.

ఆయన తర్వాతి నంబరు తిప్పుతుంటే లేచి వెళ్ళి ఫోన్ లాక్కున్నాను.

"ఉండవే, నేను చెబుతున్నాగా," అన్నాడు.

"మీరు చెప్పొద్దండీ. ఆ ఫైలు మూసెయ్యండి."

అది టొలీడో దాటాక పక్క రాష్ట్రం ఒహాయోలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. సెక్రటరీ ఎత్తింది. డాక్టరుగారితో మాట్లాడాలన్నాను. ఎందుకంది. మీ వార్డులో మనుషులు తక్కువగా ఉన్నారా అని అడిగాను. ఆమె లైన్లో ఉండమంది. బల్ల అంచు పట్టుకున్నాను. అవతల ఒక మగ గొంతు, విసుగ్గా, ఎవరు అంది.

నా కాలేజీ పేరు చెప్పలేదు. ఆరు వారాలు వార్డులో ఉన్నానని, ఇవాళే నన్ను వద్దన్నారని, చూసింది చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. తుంటి ఆపరేషన్ అయిన ముసలాయన కాలి సంగతి చెప్పాను, నేను చూసి ఊరుకున్నానని కూడా చెప్పాను. ముగ్గురు మగవాళ్ళూ నన్ను గుడ్లప్పగించి చూస్తున్నారు. ఇలాంటివి ఎవరైనా ఫోన్లో చెప్పుకుంటారా అని మా ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. నేను ఆగలేదు. రేపు పొద్దున ఏడింటికి మీ వార్డు తలుపు దగ్గర ఉంటాను, పనికిరాకపోతే సాయంత్రం పంపించెయ్యండి అన్నాను.

 వద్దంటాడనుకున్నాను.

"ఏడంటే ఆలస్యం," అన్నాడాయన. "మేం ఆరింటికి మొదలుపెడతాం."

ఫోన్ పెట్టాను. మా ఆయన ఆత్రంగా దగ్గరికొచ్చాడు.

"ఏమన్నారు? రమ్మన్నారా?"

నేను తల ఊపాను. ఎవరూ నన్ను రమ్మనలేదు, నేనే వస్తానన్నాను. ఆ మాట ఆయనకు చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. ఏడుపు ముంచుకొచ్చి చెప్పలేకపోయాను.